కొండ మీద మెరక

మా మనవరాలు ప్రసన్న కొండ మీద కట్టించిన ఇంట్లో నాలుగు రోజులు ఉండి నిన్ననే తెనాలి వచ్చాను. ఆ ఇంట్లో వంటింట్లోంచి ముందుగదిలోకి రావాలంటే ఐదు మెట్లు దిగాలి. అక్కడి నుంచి వసారాలోకి ఇంకో నాలుగు. డెబ్బై దాటిన మోకాళ్ళు నావి. మా వైపు మెట్లంటే వీధిలోంచి అరుగెక్కడానికే. లోపల గదికీ గదికీ మధ్య గడప ఉంటుంది గాని మెట్టు ఉండదు. ఉంటే ఆ మేస్త్రిని చూసి ఊరంతా నవ్వుతుంది. అలాంటి ఇంటి గురించి నేనేమంటానో వినాలని రైలు దిగినప్పటి నుంచి మా కోడలు అడుగుతూనే ఉంది. నోటితో చెబితే సగం మరిచిపోతాను, మిగతా సగం మా అబ్బాయి మధ్యలో అందుకుంటాడు. అందుకని పిల్లలు వదిలేసిన నోటుపుస్తకాల్లో ఖాళీ కాగితాలు తీసి కుట్టుకుని రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

నేను పుట్టింది రేపల్లెకు ఆవల, నిజాంపట్నం పోయే దారిలో ఒక చిన్న పల్లె. కాపురం చేసింది బాపట్లలో. ఇప్పుడు ఉంటున్నది తెనాలిలో, పెద్దబ్బాయి దగ్గర. ఈ మూడు చోట్లా నేల అరచెయ్యిలాగా ఉంటుంది. చిన్నప్పుడు మేము ఎక్కిన ఎత్తల్లా కృష్ణ కరకట్ట. దాని మీద నిలబడితే ఒక పక్క ఏరు, కొల్లూరు లంకల నుంచి అరటిగెలలు వేసుకొచ్చే పడవలు, ఇంకో పక్క ఎంత దూరం చూసినా వరిచేలు. మా పంతులమ్మ బల్ల మీద ఉన్న పుస్తకంలో కొండ బొమ్మ చూసి, ఇది కరకట్టకంటే ఎంత ఎత్తు ఉంటుందండీ అని అడిగాను. ఆవిడ కూడా కొండ చూసినట్టు లేదు, కూర్చోమంది. అదే ఏడు నా చదువు ఆగిపోయింది. నాన్న కట్టే గోడలకు పొద్దున్నా సాయంత్రం నీళ్ళు కొట్టడానికి మనిషి కావాల్సి వచ్చింది. మా అన్నయ్య పొలం పనికి పోయేవాడు, చెల్లి చంటిది. మిగిలింది నేను.

మా నాన్న తాపీమేస్త్రి. మా ఇల్లంటే నాకు ముందు గుర్తొచ్చేది తడి సున్నం వాసన. గానుగలో రుబ్బిన సున్నం నాన్న పంచెకు, గోళ్ళ సందుల్లో, ఆయన తినే చద్దన్నం గిన్నె అంచుకు కూడా అంటుకుని ఉండేది. దక్షిణపు గాలి తిరిగిన రోజున నిజాంపట్నం వైపు నుంచి ఎండు చేపల వాసన వచ్చి ఆ సున్నం వాసనతో కలిసేది. ఎవరిదైనా డాబా వేస్తుంటే ఆ పక్షం రోజులూ ఇంట్లో, సున్నంలో కలపడానికి బెల్లం, కరక్కాయలు నానేసిన కుండలుండేవి. బెల్లపు నీళ్ళే కదా అనుకుని ఒకసారి వేలు ముంచి నాకాను. కరక్కాయ వగరు పొద్దుగూకేదాకా నాలుక మీద నిలిచింది, అమ్మ కొట్టిన దెబ్బ వీపు మీద నిలిచింది. పని నుంచి రాగానే నాన్న ముందు తాపీని కొబ్బరిపీచుతో తోమి గోడకు ఆనించి, ఆ తర్వాతే తన కాళ్ళు కడుక్కునేవాడు. పాత తలుపుల్లోంచి ఊడదీసిన మేకులు డబ్బాలో తెచ్చి నా ముందు పోసేవాడు. నేను వాటిని రాతి మీద పెట్టి చిన్న సుత్తితో తిన్నగా కొట్టాలి. వంకర పోయిన మేకు పనికిరాని మేకు కాదనేది మా ఇంట్లో అందరికీ తెలిసిన మాట. ఇవ్వాళ్టికీ నా పెట్టెలో అలాంటి డబ్బా ఒకటి ఉంది. మా కోడలు దాన్ని రెండుసార్లు పారేస్తే రెండుసార్లూ వెతికి తెచ్చుకున్నాను.

మా వైపు ఇల్లు కట్టాలంటే ముందు మెరక చెయ్యాలి. నీళ్ళు నిలిచే నేల కాబట్టి, ఎక్కడి నుంచో మట్టి తోలించి, స్థలాన్ని దారికంటే ఎత్తు లేపి, చదును చేసి, అప్పుడు పునాది తవ్వాలి. మెరక లేకుండా కట్టిన ఇల్లు పెళ్ళాం మాట వినకుండా కొన్న ఎద్దులాంటిదని నాన్న అనేవాడు. అది ఎంత ఎత్తు ఉండాలన్న దగ్గర ఆయనకొక పద్ధతి ఉండేది. మిగతా మేస్త్రీలు పక్కింటి అరుగు చూసి దానికంటే బెత్తెడు ఎక్కువ వేసేవాళ్ళు. నాన్న అలా వేసేవాడు కాదు. ఆ వీధిలో నాలుగిళ్ళకు వెళ్ళి, పోయినసారి ఏరు పొంగినప్పుడు నీళ్ళు ఎందాకా వచ్చాయని అడిగేవాడు. మగవాళ్ళు ముందుకొచ్చి ఒకడు మోకాలు చూపించేవాడు, ఒకడు నడుం చూపించేవాడు, తాగినవాడైతే మెడ చూపించేవాడు. నాన్న వాళ్ళందరి మాటా విని, తల ఊపి, వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆడవాళ్ళని అడిగేవాడు. “మగాడు నీళ్ళని గొప్పకి చెబుతాడు. ఆడమనిషి పొయ్యి ఆరిందా లేదా చెబుతుంది, అదీ లెక్క” అని నాతో అన్నాడు ఒకసారి. పొయ్యి ఎన్ని చోట్ల ఆరిందో, ఎక్కడ ఆరలేదో తెలుసుకుని, బుడగ ఉండే రసమట్టం పెట్టి చూసుకుని, అప్పుడు పక్కింటి గోడ మీద బొగ్గుతో గీత గీసేవాడు. ఇంటివాళ్ళు కొబ్బరికాయ కొట్టుకునేవాళ్ళు, నాన్న పక్కకు వెళ్ళి మా ప్రార్థన చేసుకునేవాడు, పని మొదలయ్యేది. నేను చిన్నపిల్లని. ఆయన వీధి వీధి తిరిగి అడగడం నాకు విసుగ్గా ఉండేది. మట్టి బళ్ళు వరసగా వచ్చి స్థలం లేవడం మాత్రం పండగలా ఉండేది.

నేను ఈడేరిన ఏడాది పెద్ద గాలివాన వచ్చింది. దాని గురించి ఎక్కువ రాయను. సముద్రం దగ్గరి మా చుట్టాల్లో చాలామంది మిగల్లేదు. మా ఇంటి మెరక మీద మాత్రం మేమూ, మా వీధి వాళ్ళూ, ఎవరివో పద్నాలుగు మేకలూ రెండు పగళ్ళు నిలబడ్డాం. నీళ్ళు అరుగు అంచు దాకా వచ్చి ఆగాయి. అమ్మ పొయ్యి ఆరలేదు. ఆ పొయ్యి మీదే అందరికీ గంజి కాచింది. ఆ రోజు నుంచి నాకు మెరక అన్నది నమ్మకంలాగా పట్టుకుంది. దేవుడి తర్వాత దాన్నే నమ్మాను. పెళ్ళయి బాపట్ల వెళ్ళాక మా ఆయన కూడా తాపీపనివాడే కావడంతో ఆయన పనుల్లోనూ నేనే మెరక చూసేదాన్ని. అక్కడంతా ఇసుక నేల, నీళ్ళు ఇట్టే ఇంకిపోతాయి, ఇక్కడెందుకే అంత ఎత్తు అని ఆయన అనేవాడు. నేను వినేదాన్ని కాదు. నీకే తాపీ ఇచ్చేసి నేను వంట చేసుకుంటానని ఎగతాళి చేస్తూనే నేను చెప్పినంతా వేసేవాడు. అందుకే బాపట్లలో మా ఆయన కట్టిన ఇళ్ళు ఇప్పటికీ గుర్తుపట్టొచ్చు. పక్కవాటికంటే రెండు మెట్లు ఎక్కువ ఎక్కాలి.

ప్రసన్న మా పెద్దబ్బాయి కూతురు. సెలవులన్నీ బాపట్లలో నా దగ్గరే గడిపేది. దానికి బొమ్మలు కొనివ్వలేదు. ఇంట్లో ఉన్నవే ఇచ్చాను, తాతగారి గుండు దారం, మూలమట్టం, రసమట్టం. ఇసుక గుట్ట మీద కూర్చుని ఇళ్ళు కట్టేది. ఆరేళ్ళప్పుడు రసమట్టం మా భోజనాల బల్ల మీద పెట్టి, బుడగ పక్కకు పోయింది చూడు, నువ్వు పోసిన చారంతా తాత వైపే పోతుంది అని చెప్పింది. నిజమే. ఇరవై ఏళ్ళుగా కంచాల్లో చారు ఆయన వైపే ఒరుగుతోందని నేను గమనించలేదు. ఇంటరయ్యాక మా అబ్బాయి దాన్ని అందరిలాగే కంప్యూటర్ చదువులో చేర్పిస్తానన్నాడు. వాడు బడిపంతులు, ఊళ్ళో పిల్లలందరికీ అదే చెబుతాడు. అన్నాలు తింటున్నప్పుడు ఈ మాట వచ్చింది. పిల్ల తల వంచుకుని మెతుకులు కెలుకుతోంది. “దానికి గోడంటే ఇష్టంరా. గోడలే చదవనియ్యి” అన్నాను. వాడు ఏదో అనబోయాడు. అన్నం చల్లారిపోతోంది తినమన్నాను. అలా ఆర్కిటెక్చర్‌లో చేరింది.

కొండ పిచ్చి దానికి కాలేజీలో పట్టుకుంది. వాళ్ళ మాస్టార్లు పాడేరు వైపు పల్లెల్లో ఇళ్ళు కొలవడానికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక పది రోజులు అదే ధ్యాస. తెనాలిలో ఒక ప్లాను గీస్తే వంద ప్లాట్లకు సరిపోతుందట, అక్కడ ఒక ఇంటి ప్లాను పక్కింటికి పనికిరాదట. “నేల చెప్పినట్టు ఇల్లు వంగాలి నాయనమ్మా, ఇల్లు చెప్పినట్టు నేల వంగదు” అంది. మనిషి చెప్పినట్టు వంగని నేల మా రేపల్లెలో లేదు కాబట్టి నాకు అర్థం కాలేదు. చదువయ్యాక విశాఖపట్నంలో ఒక ఆఫీసులో చేరి మూడేళ్ళు అపార్టుమెంట్లు గీసింది. ఆ ఆఫీసుకు ఒక రోజు కాంతమ్మ అనే నర్సు వచ్చింది. కొండ మీది మనిషే. ఉద్యోగం చివరికొచ్చింది, తాతల నాటి ఏటవాలు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకోవాలి. అంత చిన్న పని మేము చెయ్యమని ఆఫీసు పెద్దాయన పంపించేశాడు. ప్రసన్న మెట్ల దాకా ఆవిడ వెనకే వెళ్ళి, నేను చేస్తానండీ అని చెప్పింది. నెల తిరక్కుండా ఆ ఉద్యోగం మానేసింది. ఆ ఇల్లే దానికి మొదటిది. అది నిలబడితే కొండల్లో ఇళ్ళు కట్టే మనిషిగా బతకొచ్చు, నిలబడకపోతే మళ్ళీ అపార్టుమెంట్లు గీసుకోవాలి. మా అందరికీ ఆ సంగతి తెలుసు.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది. అయినా రాస్తాను. కొండ మీద మంచి మేస్త్రి దొరకడని నేనే మా ఏసోబుని పంపించాను. ఏసోబు మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు, రేపల్లె మనిషి, చేతిలో పని బంగారం. వాడు వెళ్ళిన మూడో రోజు ఫోన్ చేశాడు. “పిన్నిగారూ, ఇల్లు కట్టమంటే పాప దిగుడుబావి గీసిందండి. వంటిల్లు పైన, గది మధ్యన, వసారా కింద. మట్టం ఎక్కడా లేదండి. రేపు నలుగురూ నన్ను నవ్వరా?” అన్నాడు. నేను కాగితం చూడలేదు. స్థలం చూడలేదు. జీవితంలో కొండ చూడలేదు. “మట్టం లేని చోట ఇల్లేంట్రా? ముందు మెరక చెయ్యి. నా మాటగా చెప్పు పాపకి” అన్నాను. సాయంత్రం ప్రసన్న ఫోన్ చేసింది. అక్కడ అలా పనికిరాదని రెండుసార్లు చెప్పింది. మూడోసారి నేను గొంతు పెంచాను. గాలివానలో పద్నాలుగు మేకల్ని నిలబెట్టిన మెరక గురించి చెప్పాను, దానికి వందోసారి. అది చివరికి సరే నాయనమ్మా అంది. కాంతమ్మకు కూడా మిరియాలు ఆరబెట్టుకోవడానికి చదునైన పెరడు కావాలని ఉందట. ఇంకేం, ఏసోబు పై వైపు కొండను తొలిచి, ఆ మట్టిని కింది వైపు పోసి, రాతితో అడ్డుగోడ కట్టి, మా తెనాలి ప్లాటులాంటి చదును చేసి చూపించాడు. రసమట్టం పెట్టి ఫోటో కూడా తీసి పంపాడు. బుడగ నడిమధ్యన ఉంది. నేను ఆ ఫోటో మా చర్చిలో నలుగురికి చూపించుకున్నాను.

పునాది తవ్వకముందే వానలు మొదలయ్యాయి. మా వైపు నీరు కింద నుంచి లేస్తుంది. అక్కడ పై నుంచి నడిచొస్తుంది. తొలిచిన చోటు నుంచి లోపలికి దిగి, పోసిన మట్టిలో నిండి, అడ్డుగోడను వెనక నుంచి తోసింది. రెండో వానకు గోడా మట్టీ కలిసి కిందికి జారిపోయాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు, అది దేవుడి దయ. కింద సోమన్న అనే రైతుది పసుపు తోట. మొలకలు అప్పుడే లేస్తున్నాయట. సగం తోట మట్టి కింద పడిపోయింది.

ప్రసన్న తెనాలి వచ్చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేది. మా అబ్బాయి మాత్రం, పోనీలే తల్లీ, హైదరాబాదులో అపార్టుమెంట్ల కంపెనీలున్నాయి, మా పాత స్టూడెంటు ఒకడున్నాడు, మాట్లాడతాను అని మొదలుపెట్టాడు. పిల్ల సరేనంది. ఆ సరే నాకు నచ్చలేదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు పొద్దున పెరట్లో బియ్యం ఏరుతూ దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. నీ కాగితంలో తప్పుందా అని అడిగాను. లేదంది. మరెందుకు వచ్చేశావని అడిగాను. “నా ప్లాను సరైందని నాకు తెలుసు. అయినా నిన్ను కాదనలేకపోయాను. రేపు ఇంకెవరో గొంతు పెంచుతారు. అప్పుడూ సరే అంటాను. నాలాంటిదాని చేతిలో ఎవరి ఇల్లూ పెట్టకూడదు నాయనమ్మా” అంది. చేటలో బియ్యం పక్కన పెట్టాను. యాభై ఏళ్ళుగా నా మాట మీద ఇళ్ళు లేచాయని గర్వపడినదాన్ని. నా మాట మీద ఒకటి కూలిందనుకున్నాను గాని, ఈ పిల్ల కూడా కూలిందని అప్పటిదాకా తెలియలేదు.

“లే. బట్టలు సర్దు. నేనూ వస్తున్నాను” అన్నాను. నీ మోకాళ్ళు అంటూ మా అబ్బాయి గొడవ చేశాడు. మోకాళ్ళు నావి, నీవి కావు కదరా అన్నాను.

విశాఖపట్నం దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. ఘాటురోడ్డు ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయాయి. నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి పక్కన నేల లేదు, చెట్ల కొసలున్నాయి. చిన్నప్పుడు పంతులమ్మని అడిగిన దానికి జవాబు దొరికింది. దొరికే వేళకి అడిగినంత సరదా లేదు. ఊళ్ళో దిగాక నేను ముందు చూసింది కూలిన గోడ కాదు, నిలబడిన ఇళ్ళు. ఆ ఊరి పాత ఇళ్ళన్నీ కొండకు అడ్డంగా, పొడుగ్గా, సన్నగా ఉన్నాయి. ఏ ఇంటికీ చదునైన పెరడు లేదు. ప్రతి ఇంటి వెనకా, పై వైపున, పార వెడల్పు కాలువ ఒకటి తీసి ఉంది. పై నుంచి వచ్చే నీళ్ళు ఇంటిని తాకకుండా రెండు పక్కల నుంచీ పోతున్నాయి. తడికల గోడలు, పెంకులు, అంతే. మా ఏసోబు రాతిగోడ పోయింది, ఆ తడికలున్నాయి.

కాంతమ్మ అప్పటికి ఉంటున్న పాత ఇంటి ముందు ఆవిడతో పాటు సోమన్న ఉన్నాడు. సన్నటి మనిషి, నా చిన్న కొడుకు వయసు. మమ్మల్ని చూసి లేవలేదు. “కింది ఊళ్ళ వాళ్ళకి కొండంతా ఖాళీ జాగాలాగే కనపడతాదమ్మ. కింద ఎవులున్నారో చూడరు” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ప్రసన్న నోరు తెరిచింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. కాంతమ్మ వైపూ, అతని వైపూ చూసి చెప్పాను. “ఈ అమ్మాయి సరిగ్గానే గీసింది. చెడగొట్టింది నేను. కొండ చూడకుండా మెరక వెయ్యమన్నాను.” ఇంత వయసులో ఇంకొకరి ముందు తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. మా ఆయన బతికి ఉంటే నమ్మేవాడు కాదు.

మాటలతో పసుపు మొలవదు. పన్నెండు రోజులు అక్కడ ఉన్నాం. మేము పోసిన మట్టిని తట్టలతో ఎత్తి, తొలిచిన చోటికే పైకి మోయించాం. మా వైపు మట్టి బళ్ళు వస్తుంటే పండగలా చూసినదాన్ని, అక్కడ ఒక్కొక్క తట్టా పైకి పోతుంటే తల దించుకుని చూశాను. ఏసోబు రేపల్లె పోకుండా ఉండిపోయి అందరికంటే ఎక్కువ తట్టలు మోశాడు. నేను మొయ్యలేను కాబట్టి సోమన్న తోటలో కూర్చుని మట్టిలోంచి పసుపు కొమ్ములు ఏరాను. బతికినవి ఒక పక్క, కుళ్ళినవి ఒక పక్క. జారిపోయిన గోడ రాళ్ళు కూడా ఒక్కటి పోనివ్వకుండా కుప్ప వేయించాను. బతికిన కొమ్ముల్ని సోమన్న మళ్ళీ నాటుకున్నాడు. మాతో మాట్లాడలేదు గాని, నాలుగో రోజు నుంచి నేను కూర్చోవడానికి గోనెపట్టా వేసి ఉంచేవాడు.

మట్టి ఎత్తడం అయిపోయిన రోజున నాకు మళ్ళీ పాత గాలి సోకింది. ఊళ్ళో ఇళ్ళ వెనక కాలువ చూశాను కదా, ఏసోబుని పిలిచి, ఇదిగో ఇక్కడి నుంచి ఇక్కడికి కాలువ తియ్యి, ఇక్కడ పునాది మొదలుపెట్టు అని చేతికర్రతో చూపిస్తున్నాను. వాడు గునపం ఎత్తాడు. ప్రసన్న వచ్చి ఆ గునపం వాడి చేతిలోంచి తీసుకుంది.

“నువ్వు ఆ రాయి మీద కూర్చో నాయనమ్మా. వానాకాలం అయ్యేదాకా ఇక్కడ ఎవరూ తవ్వరు.”

“వానాకాలమంతా ఊరికే కూర్చుంటావా?”

“ఊరికే కాదు. చూస్తాను.”

గొంతు పెంచుదామనుకున్నాను. పిల్ల నా కళ్ళలోకే చూస్తోంది, గునపం కింద పెట్టలేదు. ఏసోబు నా వైపు చూశాడు. “పాప చెప్పింది చెయ్యి” అన్నాను. వెళ్ళి రాయి మీద కూర్చున్నాను.

చూస్తానంటే ఎలా చూసిందో నేను తెనాలి తిరిగొచ్చాక కాంతమ్మ చెప్పింది. వాన వచ్చినప్పుడల్లా వెదురు మేకుల కట్ట పట్టుకుని స్థలంలో నిలబడేదట. నీరు ఎక్కడ నడిస్తే అక్కడొక మేకు, ఎక్కడ ఆగితే అక్కడ రెండు. మా వైపు ముగ్గుపిండితో గీతలు పోసి పునాది గుర్తు పెడతారు. అక్కడ ముగ్గు నిలవదు, అందుకని మేకులు. వాన లేని రోజుల్లో ఊళ్ళో ప్రతి ఇంటికీ వెళ్ళి, ఏ ఏడు ఏ గోడ తడిసింది, ఏ మూల నెమ్ము వస్తుంది అని అడిగేదట. మగవాళ్ళని కాదు, పొయ్యి దగ్గరి వాళ్ళని. ఆ మాట కాంతమ్మ ఫోనులో చెబుతుంటే నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ పద్ధతి దానికి ఎవరు నేర్పారు? నేను నేర్పలేదు. మా నాన్న గురించి దానికి చెప్పిన వంద కథల్లోనూ మట్టి బళ్ళున్నాయి, మేకలున్నాయి, ఆయన వీధి తిరగడం ఒక్కటీ లేదు. నాకు విసుగ్గా ఉండేది కాబట్టి దాన్ని వదిలేశాను. నాన్న చేసిన పనిలో పై సగం పట్టుకుని, అదే పనంతా అనుకుని, యాభై ఏళ్ళు పెత్తనం చేశాను. బాపట్ల ఇసుకలో అవసరం లేని మెరక వేయించినప్పుడు మా ఆయన చెప్పాడు కూడా. కొండ దాకా పోతే గాని నాకు తెలియలేదు.

నా కాలంలో పెద్దవాళ్ళ మాటే మట్టం. పిల్లలు దానికి సరిపోవాలి, సరిపోకపోతే వంకర మేకుని సుత్తితో కొట్టినట్టు కొట్టి తిన్నగా చేసేవాళ్ళం. అందులో మంచి లేదనను. పారెయ్యకుండా బతకడం, పని సగంలో వదలకపోవడం అలాగే వచ్చాయి. కానీ మాట విన్నందుకు మేము మెచ్చుకున్న పిల్లల్లో ఎంతమంది తమకు తెలిసినదాన్ని మింగేసి సరే అన్నారో ఎవరు చూశారు? ఇప్పటి పిల్లలు ఎదురు చెబుతారని మా వయసు వాళ్ళందరూ చర్చి మెట్ల మీద కూర్చుని అనుకుంటాం. ప్రసన్న ఆ రోజు ఫోనులో మూడోసారి కూడా ఎదురు చెప్పి ఉంటే సోమన్న పసుపు బతికేది. ఈ మధ్య వాళ్ళు ఆ మాట ఎత్తినప్పుడు నేను మాట్లాడటం లేదు.

మేకులు ఎలా చెబితే అలా ప్లాను మళ్ళీ గీసింది. మొదటి కాగితం కంటే ఇల్లు ఇంకా సన్నబడి, కాస్త పక్కకు తిరిగింది. మూడు పెద్ద మెట్లలాగా, గదికో ఎత్తున కొండ మీద కూర్చుంది, దేన్నీ తొలవలేదు, ఎక్కడా మట్టి పోయలేదు. నేను కుప్ప వేయించిన రాళ్ళతోనే గోడలు లేచాయి. కింది గోడలో అడుగడుక్కీ నీరు బయటికి రావడానికి సందులు పెట్టించింది. ఏసోబు మొదట్లో ఆ సందుల్ని తన పనిలో చిల్లులనుకుని సిగ్గుపడ్డాడు. ఇప్పుడు రేపల్లె వెళ్ళి అందరికీ వాటి గురించి గొప్పలు చెబుతున్నాడట. కాంతమ్మ మిరియాలు వసారా కప్పు మీద ఆరతాయి. ఇల్లు పోయిన ఎండాకాలంలో పూర్తయింది. నన్ను మాత్రం వానలు పడ్డాకే రమ్మంది ప్రసన్న. వాన చూడని ఇల్లు చూపించనంది.

వెళ్ళిన మూడో రోజు మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. కాంతమ్మ లోపల కాఫీ పెడుతోంది. నేను కింది వసారాలో కూర్చున్నాను, ప్రసన్న బయట వానలోనే కింది గోడ పక్కన నిలబడి ఉంది. కింద సోమన్న తోటలో పసుపు మోకాలెత్తు లేచి ఉంది. అతను గోనెసంచి నెత్తిన వేసుకుని కలుపు తీస్తున్నాడు. వాన జోరెక్కాక లేచి మా గోడ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత పైకి ఎక్కి వచ్చాడు. సందుల్లోంచి నీళ్ళు వరసగా దూకుతున్నాయి. మొదటి సందు దగ్గర దోసిలి పట్టి చూసి పారబోశాడు. రెండోదాని దగ్గరా అంతే. అలా గోడ పొడుగునా చివరి దాకా వెళ్ళాడు. నేను లేచి నిలబడ్డానని కూడా నాకు తెలియలేదు. కొండ కదులుతుంటే నీళ్ళు ఎర్రగా వస్తాయి, ఆ సంగతి అప్పటికి నాకూ తెలుసు.

అతను తిరిగొచ్చి ప్రసన్న ముందు ఆగాడు. “తేటగా వస్తన్నాయి” అన్నాడు. నా వైపు చూడలేదు. సంచి సర్దుకుని కిందికి దిగి, వదిలిన చోటు నుంచే కలుపు తియ్యడం మొదలుపెట్టాడు.

ప్రసన్న ముఖం తుడుచుకుంది, వానో ఇంకేమిటో. పై కాలువ కూడా ఒకసారి చూసొస్తానని చెప్పి ఇంటి వెనక్కు నడిచింది. గొడుగు నా పక్కనే గోడకు ఆనించి ఉంది. పిలవబోయాను. పిలవకుండా కూర్చున్నాను.